కెర్నిఘన్–రిచీ గ్రంథములో పదాన్వేషణ

సి భాష నేర్చువారికి కెర్నిఘన్, రిచీలు వ్రాసిన గ్రంథము నేటికిని ప్రమాణము. 1978లో వెలువడిన ఈ పుస్తకమునకు 1988లో రెండవ కూర్పు వచ్చినది. అందు నాల్గవ ప్రకరణము ఒక చిన్న ఉదాహరణతో ఆరంభమగును: ఇచ్చిన పంక్తులలో ఓ, యు, ఎల్, డి అను నాలుగు ఇంగ్లీషు అక్షరములు వరుసగా గల వాటిని మాత్రమే అచ్చువేయుట. పంక్తిని చదువుట, అందు వెదకుట, దొరికినచో అచ్చువేయుట అని పనిని మూడుగా విడదీసిన తీరు మెచ్చదగినది.

వెదకు పనిని స్ట్ర్‌ఇండెక్స్ అను ప్రమేయము చేయును. పంక్తిలోని ప్రతి స్థానమునుండియు మాదిరిని ఒక్కొక్క అక్షరముగా పోల్చి, అంతయు కలిసినచో ఆ స్థానసంఖ్యను, ఎక్కడను కలియనిచో –1ని ఇచ్చును. స్థానములు సున్నతో మొదలగును గనుక ‘లేదు’ అనుటకు సున్న పనికిరాదు. విద్యార్థి తడబడు చోటు వేరొకటి. లోపలి ఆవృత్తిలో మాదిరి ముగిసినదా అని చూతురు గాని, పంక్తి ముగిసినదా అని చూడరు. అయినను ప్రమాదము లేదు: పంక్తి చివరనుండు సున్న విలువగల గుర్తు మాదిరిలోని ఏ అక్షరముతోను కలియదు, పోలిక అక్కడనే ఆగును. దీనిని ఒక్క వాక్యములో విప్పి చెప్పియుండిన బాగుండెడిది.

నాకు లోపముగా తోచినది మరియొకటి. ఒక్క అక్షరమైనను లేని ఖాళీ మాదిరి నిచ్చినచో స్ట్ర్‌ఇండెక్స్ ‘లేదు’ అనును. 1989 నాటి ప్రమాణములోని స్ట్ర్‌స్ట్ర్ మాత్రము ‘మొదటనే యున్నది’ అని పంక్తి ఆరంభపు చిరునామాను ఇచ్చును. స్ట్ర్‌స్ట్ర్ సమాధానమే తర్కసమ్మతము. కలియని అక్షరమొక్కటియు లేనప్పుడు పోలిక చెడినదనుట ఎట్లు? శూన్యసమితి ప్రతి సమితికిని ఉపసమితి యని బోధించు లెక్కల ఉపాధ్యాయునికి ఇది కొత్తగాదు.

వేగమును గూర్చి రచయితలను తప్పుపట్టను. లక్ష ‘ఎ’లు గల పాఠములో 999 ‘ఎ’లు, ఒక ‘బి’ గల మాదిరిని ఈ పద్ధతిని వెదకినచో సుమారు పదికోట్ల పోలికలగును. క్నూత్, మోరిస్, ప్రాట్‌లు 1977లో ప్రకటించిన పద్ధతికి కొన్ని లక్షలే చాలును. కాని ఈ ఉదాహరణలో పంక్తి పరిమితియే వేయి అక్షరములు!

మన విద్యార్థికి అంతకంటె దగ్గర చిక్కు వేరే యున్నది. యూటీఎఫ్-8లో ‘మల్లె’ యనగా మ, ల, పొల్లు, మరల ల, ఎత్వము. ఒక్కొక్కటి మూడు బైట్లు, వెరసి పదిహేను. స్ట్ర్‌స్ట్ర్ పోల్చునవి బైట్లే గనుక ‘మల్లె’లో ‘మల’ను వెదకుమన్నచో, మన కంటికి కనబడకున్నను, అది దొరికినదనియే చెప్పును.