కంచె కడితే నిర్వహణ అయిపోతుందా?

రంగారెడ్డి జిల్లాలో 'పార్కు' అనే మాటకు రెండు అర్థాలున్నాయి. షాబాద్ మండలం చందనవెల్లిలో పార్కు అంటే పరిశ్రమలు, డేటా సెంటర్లు. అదే జిల్లా మొయినాబాద్ మండలం చిలుకూరులో పార్కు అంటే మృగవని జాతీయ ఉద్యానం. ఒకచోట భూమిని కంపెనీలకు అప్పగించారు, ఇంకోచోట అడవిని కాపాడుతున్నారు. పనులు వేరైనా పద్ధతి ఒక్కటే: ముందు హద్దు గీస్తారు, లోపలికి ఎవరు రావాలో పైనుంచి నిర్ణయిస్తారు. నా విమర్శ ఆ పద్ధతి మీదే.

మృగవని చేసిన మేలును ముందు ఒప్పుకోవాలి. 1994లో జాతీయ ఉద్యానమైన ఈ అడవి 3.6 చదరపు కిలోమీటర్లే. చుట్టూ భూముల ధరలు ఆకాశాన్నంటినా చుక్కల జింక, కణుజు, అడవి పంది, నెమలి ఇక్కడ మిగిలాయి. గండిపేట, హిమాయత్ సాగర్ చెరువుల కోసం 1996లో 84 గ్రామాలకు వర్తించేలా 111 జీవో తెచ్చారు. 2022లో 69 జీవోతో ఆ ఆంక్షలను సడలించారు. ఒక జీవో ఇచ్చింది ఇంకో జీవో తీసేసింది. జాతీయ ఉద్యానం హద్దు మార్చాలంటే మాత్రం జాతీయ వన్యప్రాణి మండలి సిఫార్సు కావాలి. ఆ బలం లేకపోతే మృగవని కూడా ప్లాట్లయ్యేదేమో.

అయితే కంచె వేసినంత మాత్రాన నిర్వహణ పూర్తి కాదు. పెద్ద వేట జంతువులు లేని చిన్న అడవిలో జింకల మంద పెరిగితే గడ్డి చాలదు, మొలకలు చెట్లు కావు. ఎండాకాలం గుంటల్లో నీళ్లు నింపాలి. అగ్గి పాకకుండా ఆకులు ఊడ్చి దారులు తీయాలి. లాంటానా కమ్మేసిన చోట పొదలు పీకి గడ్డిని రానివ్వాలి. ఏ నెలలో ఏ చెట్టు చిగురిస్తుందో, ఏ జంతువు ఏ దారిన నీళ్లకొస్తుందో తెలిసిన కన్ను ఈ పనులకు కావాలి. చెంచులకు, గోండులకు, కోయలకు, కొండరెడ్లకు ఆ చూపు తరతరాలుగా ఉంది. కానీ మనవాళ్లకు దక్కేది చాలాసార్లు వాచర్ పని, గైడ్ పని, వంట పని. ప్రణాళిక రాసే బల్ల దగ్గర మనకు కుర్చీ లేదు.

మృగవనిలో ఇది చిన్న లోపంగా కనిపించవచ్చు. అదే ఆలోచనను నల్లమలకు తీసుకెళ్తే ప్రమాదం. అమ్రాబాద్ పులుల అభయారణ్యం సుమారు 2,611 చదరపు కిలోమీటర్లు. దాని లోపల చెంచు పెంటలున్నాయి. అది గేటు, టికెట్టు, సఫారీ లెక్కలతో నడిపే నగర ఉద్యానం కాదు, మనుషులు బతుకుతున్న అడవి. 1972 వన్యప్రాణి చట్టం జాతీయ ఉద్యానంలో పశువుల మేతను పూర్తిగా నిషేధించింది. కానీ 2006 అటవీ హక్కుల చట్టం 'అటవీ భూమి' అన్నప్పుడు అభయారణ్యాలను, జాతీయ ఉద్యానాలను కూడా కలిపే చెప్పింది. సామూహిక అటవీ వనరును కాపాడే, నిర్వహించే హక్కును అదే చట్టం సమాజానికిచ్చింది. జంతువుల కోసం ఊరిని కదిలించాలన్నా గ్రామసభ స్వేచ్ఛగా, విషయం తెలిసి ఒప్పుకోవాలి.

ఇది కాగితం మీది మాట మాత్రమే కాదు. కర్ణాటకలోని బిళిగిరి రంగనాథ కొండల్లో, పులుల అభయారణ్యం లోపలే, 2011లో సోలిగ ఆదివాసీల గ్రామసభలు సామూహిక హక్కుల పత్రాలు పొందాయి. మన దగ్గర మారేడుమిల్లిలో వన సంరక్షణ సమితులు పర్యాటక వసతులు నడుపుతున్నాయి. అది మంచి అడుగే. అయితే వసతి గది నడపడం వేరు, అడవిని ఎలా నిర్వహించాలో నిర్ణయించడం వేరు. మనం అడగాల్సింది రెండోది.

పిల్లల్ని మృగవనికి తీసుకెళ్లే ఉపాధ్యాయులు జింకలు చూపించి తిరిగి రాకండి. అక్కడి బోర్డులు చదివించండి. చెట్టుకు శాస్త్రీయ నామం ఉంటే, పక్కన గోండి, లంబాడీ పేరు ఉందా? ఈ ప్రాంతపు తండాల పిల్లలు ఇంట్లో అవ్వను, తాతను అడిగి ఆ పేర్లు రాసుకు రావచ్చు. నీటి గుంట ఎవరు నింపుతారు, అగ్గి దారి ఎవరు తీస్తారు, వాళ్లకు ఏడాది పొడవునా జీతం వస్తుందా అని అడిగించండి. యువత ఇంకో ప్రశ్న వేయాలి: ఈ పార్కు నిర్వహణ ప్రణాళిక ఎక్కడుంది, తెలుగులో ఉందా, రాసేటప్పుడు ఏ ఊరినైనా అడిగారా? సమాచార హక్కు చట్టం కింద ఆ కాగితం అడగడానికి పది రూపాయల రుసుముతో ఒక దరఖాస్తు చాలు. మృగవనితో మొదలుపెడితే, రేపు నల్లమల ప్రణాళిక ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలో మనకు తెలిసి ఉంటుంది.