అమ్రాబాద్ చెంచులపై పరిశోధన: ఓపెన్ యాక్సెస్ దారులు – ఒక విమర్శ

క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1940లో అమ్రాబాద్ పీఠభూమిపై చెంచుల మధ్య క్షేత్రపరిశోధన చేశారు. దాని ఫలితమైన ‘ది చెంచూస్’ గ్రంథం 1943లో లండన్‌లో అచ్చయింది. ఆయన సూచనల మేరకే నిజాం ప్రభుత్వం చెంచుల కోసం కొంత అటవీభాగాన్ని ప్రత్యేకించింది. ఒక సమాజపు నేలను, బతుకును ప్రభావితం చేసిన పరిశోధన ఆ సమాజానికి తెలియని భాషలో, అందని దూరంలో వెలువడింది. హైమెన్‌డార్ఫ్ 1995లో మరణించారు. రచయిత మరణానంతరం 60 సంవత్సరాలన్న భారత కాపీరైట్ నియమాన్ని బట్టి లెక్కిస్తే, 2055 ముగిసేదాకా ఆ గ్రంథాన్ని అనుమతి లేకుండా పునర్ముద్రించే వీలు లేదు.

ఓపెన్ యాక్సెస్ అంటే పరిశోధన ఫలితాలు ఎవరికైనా ఉచితంగా, ఆటంకం లేకుండా లభించడం. 2002 నాటి బుడాపెస్ట్ ప్రకటనతో ఈ భావనకు స్పష్టమైన రూపం వచ్చింది. అప్పటి నుండి చర్చ ఎక్కువగా ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్న చుట్టూనే తిరుగుతున్నది. రచయిత రుసుము చెల్లించే ‘గోల్డ్’ దారి ప్రాజెక్టు నిధులున్నవారికి సరే. తెలుగు శాఖలో నిధులు లేని పరిశోధకునికి అది మూసిన తలుపే. ప్రచురించిన వ్యాసపు ప్రతిని రచయితే సంస్థాగత భాండాగారంలో భద్రపరిచే ‘గ్రీన్’ దారిలో రుసుము బాధ లేదు. కేంద్ర బయోటెక్నాలజీ, శాస్త్ర సాంకేతిక విభాగాలు 2014లో తెచ్చిన విధానం ఈ దారినే ఎంచుకున్నది. అయితే అది ఆ విభాగాల నిధులు పొందిన పరిశోధనకే వర్తిస్తుంది. చెంచుల పాటలపై, మాటలపై తెలుగు శాఖల్లో జరిగే పని దాని పరిధిలోకి రాదు.

2025లో మొదలైన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకాన్ని కొందరు ఓపెన్ యాక్సెస్‌గా భావిస్తున్నారు. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలతో 30 ప్రచురణ సంస్థల సుమారు 13,000 పత్రికలను ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు, కేంద్ర పరిశోధన సంస్థలకు ఇది అందిస్తుంది. ప్రయోజనం పెద్దదే, కాదనలేం. కాని ఇది చందా. తెరిచిన తలుపు కాదు. విశ్వవిద్యాలయ విద్యార్థి చదవగల వ్యాసాన్ని, ఏ కళాశాలలోనూ సభ్యత్వం లేని మన్ననూరు యువకుడు చదవలేడు. ఆ వ్యాసం అతని పెంట గురించినదైనా అంతే.

తెలుగు పరిశోధనకు సంబంధించి నిజంగా పనిచేసిన దారి శోధగంగ. సిద్ధాంత గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతిని సమర్పించాలని యూజీసీ 2009లో నిబంధన పెట్టడంతో, ఎవరూ రుసుము కట్టకుండానే వేలాది గ్రంథాలు అందరికీ అందుబాటులోకి వచ్చాయి. విశేషమేమంటే చెంచుల మాట తెలుగే. తమ గురించి తెలుగులో రాసినదాన్ని వారు చదవగలరు, చదివించుకుని వినగలరు, తప్పుంటే తప్పని చెప్పగలరు. హైమెన్‌డార్ఫ్ గ్రంథానికి లేని ఈ పరీక్ష తెలుగు సిద్ధాంత గ్రంథానికి సాధ్యం. అయినా ఆచరణలో ఒక చిక్కున్నది. తెలుగు గ్రంథాల్లో చాలా వాటిని కాగితం నుండి బొమ్మలుగా స్కాన్ చేశారు. మరికొన్ని అను ఫాంట్లలో టైపు చేసినవి. అవి కంటికి తెలుగే, కంప్యూటరుకు మాత్రం రోమన్ సంకేతాలు. ‘చెంచు’ అని తెలుగులో వెతికితే లోపలి పాఠంలో ఒక్కటీ దొరకదు. శీర్షిక ముందే తెలిసినవారికి మాత్రమే గ్రంథం కనిపిస్తుంది. ఇది చట్టం పెట్టిన అడ్డంకి కాదు, ధర పెట్టిన అడ్డంకీ కాదు. డీటీపీ కేంద్రంలో మొదలై విశ్వవిద్యాలయం పట్టించుకోని అడ్డంకి. యూనికోడ్ ప్రతి లేనిదే సిద్ధాంత గ్రంథాన్ని స్వీకరించబోమని శాఖలు పట్టుబడితే ఇది తీరుతుంది. ఇందుకు కొత్త నిధులు అక్కరలేదు.

రచయితా, పాఠకుడూ రుసుము కట్టనక్కరలేని ‘డైమండ్’ పత్రికలు తెలుగుకు అన్నిటికంటే తగినవి. వాటి బలహీనత ఆదాయం కాదు, ఆయుష్షు. ఒకరిద్దరి శ్రమతో నడిచే పత్రిక ఆగిపోతే సర్వర్ బిల్లుతో పాటు సమీక్షిత వ్యాసాలూ పోతాయి. ప్రతి సంచికనూ వేరొక భాండాగారంలో కూడా దాచే ఏర్పాటు లేని ఓపెన్ యాక్సెస్ తాత్కాలిక ప్రదర్శనే.

2019లో అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో యురేనియం అన్వేషణ ప్రతిపాదన వచ్చింది. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ దానికి వ్యతిరేకంగా తీర్మానించింది. అటువంటి సమయంలో పెంటల నీటివనరుల గురించి, అటవీ ఫలసేకరణ గురించి పరిశోధకులు సేకరించిన సమాచారం అవసరమయ్యేది మొదట ఆ పెంటలవారికే. ఆ సమాచారం ఇచ్చినదీ వారే.