ఉద్యోగం ఇచ్చే కాలేజీ: ఎవరి లెక్క, ఎవరి బతుకు?

ఏటా వేసవి చివర్లో మా వాడ నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, పిల్లకు ఇంత ర్యాంకు వచ్చింది. ఏ కాలేజి పెట్టుకోవాలె? ఏ కాలేజిల చేరితే నౌకరి వస్తది?" మా వాడలో యూనివర్సిటీ దాకా వచ్చిన మొదటివాణ్ణి కాబట్టి నాకన్నీ తెలుసని వాళ్ల నమ్మకం. నాకు తెలిసింది తక్కువ. అయినా ఆ ప్రశ్నను నేను చిన్నచూపు చూడలేను.

చూసేవాళ్లున్నారు. సభల్లో, సెమినార్లలో మన అభ్యుదయ అధ్యాపకులు కొందరు "చదువు ఉద్యోగం కోసమేనా?" అని బాధపడతారు. విద్య మార్కెట్ సరుకైందని, విద్యార్థులు కెరీర్ వెంట పడి సమాజాన్ని మరిచారని వాపోతారు. వాళ్ల మాటలో నిజం లేదని కాదు. కానీ ఆ మాట ఎక్కడ నిలబడి అంటున్నారో కూడా చూడాలి. తాత పట్వారీ, తండ్రి లెక్చరర్ అయిన ఇంట్లో ఉద్యోగం వద్దనుకోవడం ఒక ఆదర్శం. మా నాయిన పద్దెనిమిదేళ్లు ఒకే ఇంట్లో జీతం ఉన్నాడు. మాకు నౌకరి అంటే మొదట ఆ గడప తొక్కకుండా బతకడం, ఆ తర్వాతే డబ్బు. కాబట్టి ఈ వ్యాసం ఉద్యోగం అడిగే వాళ్ల మీద కాదు. వాళ్లకు జవాబు చెప్తున్నామని బయల్దేరిన రాతల మీద.

1

ఆ రాతలు మూడు రకాలు. దినపత్రికల చదువుల పేజీలు, కౌన్సెలింగ్ సీజన్‌లో వచ్చే గైడ్ పుస్తకాలు, కాలేజీల రంగుల బ్రోచర్లు. సాహిత్యాన్ని విమర్శించినంత శ్రద్ధగా వీటిని మనం విమర్శించలేదు. ఒక నవల కంటే ఒక బ్రోచర్ మన పిల్లల బతుకుల్ని ఎక్కువ మలుపు తిప్పుతున్నా కూడా.

ఈ రాతలన్నిటికీ ఒక ఊహా పాఠకుడున్నాడు. "కాలేజీని స్వయంగా సందర్శించండి, పూర్వ విద్యార్థులతో మాట్లాడండి, పిల్లల అభిరుచి గమనించండి" అని ఆ పాఠకుడికే చెప్తారు. సలహా మంచిదే. కానీ నాలుగు కాలేజీలు తిరిగి చూడాలంటే నాలుగు రోజుల కూలి పోతుంది. మాట్లాడడానికి తెలిసిన పూర్వ విద్యార్థి ఉండాలంటే మనకంటే ముందు మనవాడొకడు అక్కడ చదివి ఉండాలి. ఇక వెబ్ ఆప్షన్లు పెట్టేది మండల కేంద్రంలో నెట్ సెంటర్ నడిపే అబ్బాయి. అంతకంటే ముందే కాలేజీ మనిషి మోటారు సైకిల్ మీద వాడకు వస్తాడు. "బస్సు ఫ్రీ, పుస్తకాలు ఫ్రీ" అంటాడు, ఇంటర్ మెమో జిరాక్సు తీసుకుపోతాడు. "ఎంపిక" అని పత్రిక రాసేదానికి మా దగ్గర జరిగేది ఇది. వాడకు కాలేజీని ఎంచుకునే అవకాశం రాకముందే కాలేజీ వాడను ఎంచుకుంటుంది.

ఎందుకు ఎంచుకుంటుంది? 2008 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్ విస్తరించాక మన పిల్లల సీటు కాలేజీకి ప్రభుత్వ సొమ్ము తెచ్చే సీటు అయింది. కన్వీనర్ కోటా 70 శాతం, మేనేజ్‌మెంట్ కోటా 30 శాతం. ఆ 70 శాతాన్ని నింపుకోకపోతే ఊరి పొలిమేరలో లేచిన కాలేజీలు చాలా వరకు నిలబడేవి కావు. ఆ పథకం వల్లే నేను బి.టెక్. చదివాను, దాన్ని తిట్టే నోరు నాకు లేదు. కానీ ఆ పథకం మనల్ని కాలేజీ లోపలికి పంపిందే తప్ప లోపల ఏం జరగాలో కాలేజీని అడగలేదు.

2

2008లో నేను చేరిన కాలేజీ పేరు చెప్పను. అలాంటివి చాలా ఉన్నాయి, ఒకదాన్ని తిడితే మిగిలినవి తప్పించుకుంటాయి. దాని బ్రోచర్ ఇప్పటికీ నా దగ్గరుంది. లోపలి అట్ట మీద "అర్హులైన విద్యార్థులకు 90 శాతం ప్లేస్‌మెంట్లు" అని ఉంటుంది. చేరేటప్పుడు మేమంతా 90 అంకెనే చదివాం. "అర్హులైన" అన్న మాటను నేను మూడో సంవత్సరంలో గానీ చదవలేదు.

ఆ మాటలో ఏముందో విడదీసి చూద్దాం. క్యాంపస్‌కు వచ్చే కంపెనీలు మామూలుగా పెట్టే షరతు: పదో తరగతిలో, ఇంటర్‌లో, బి.టెక్.లో మూడింటా 60 శాతం ఉండాలి, బ్యాక్‌లాగ్ ఒక్కటీ ఉండకూడదు. ఒక లెక్క అనుకుందాం. బ్యాచ్‌లో 240 మంది. షరతు దాటినవాళ్లు 100 మంది. వచ్చిన ఆఫర్లు 90. కానీ ఒక్కొక్కరికి రెండు మూడు ఆఫర్లు ఉంటాయి గనక నిజంగా ఉద్యోగం దొరికిన మనుషులు 60 మంది. బ్రోచర్‌లో 90 శాతం అని పడుతుంది. అసలు లెక్క తీస్తే 240లో 60, అంటే 25 శాతం. ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. అందుకే ఇది అబద్ధం కంటే ప్రమాదం.

మిగిలిన 140 మంది ఎవరు? జిల్లా పరిషత్ బళ్లో లెక్కల సారు లేకుండా పదో తరగతి పాసైనవాళ్లు. తెలుగు మీడియం నుంచి వచ్చి మొదటి సంవత్సరం పాఠం ఇంగ్లిషులో వింటూ ఒకటో రెండో సబ్జెక్టులు పోగొట్టుకుని, తర్వాత నిలదొక్కుకున్నవాళ్లు. పదిహేనేళ్ల వయసులో ఊళ్లో వచ్చిన మార్కు ఇరవై రెండేళ్లకు కూడా వెంటాడుతుంది. రిజర్వేషన్ సీటు ఇచ్చింది. "అర్హత" అనే మాట ఆ సీటును నాలుగో సంవత్సరంలో నిశ్శబ్దంగా వెనక్కి తీసుకుంది. ప్రభుత్వ ఉద్యోగంలో అయితే రోస్టరు ఉంటుంది, అడగొచ్చు, కోర్టుకు పోవచ్చు. ప్రైవేటు క్యాంపస్ డ్రైవ్‌లో ఎవర్ని అడగాలి?

షరతు దాటినవాళ్లలో నేనూ ఒకణ్ణి. రాతపరీక్ష అయింది, గుంపు చర్చ అయింది, ఇంటర్వ్యూకు పిలిచారు. మొదటి ప్రశ్న "మీ కుటుంబం గురించి చెప్పండి, నాన్నగారు ఏం చేస్తారు?" నేను నిజం చెప్పాను. ఆ తర్వాత మూడు నిమిషాల్లో బయటికొచ్చాను. ఉద్యోగం రాకపోవడానికి అదే కారణమని రుజువు చెయ్యలేను. చాలా ఏళ్లు నా ఇంగ్లిషు బాగా లేదనే అనుకున్నాను.

పరిశోధనలోకి వచ్చాక 2007లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చిన వ్యాసాలు చదివాను. సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ కంపెనీల నియామక అధికారులతో మాట్లాడారు. "కుటుంబ నేపథ్యం" అడగడం వాళ్లకు మామూలు విషయమనీ, అందులో తప్పేమీ కనబడటం లేదనీ, తాము చూసేది ప్రతిభనే అని వాళ్లు గట్టిగా నమ్ముతున్నారనీ ఆ వ్యాసం చూపింది. సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ మరో పని చేశారు. ఒకే రకం చదువులున్న దరఖాస్తుల్ని వేరువేరు పేర్లతో ప్రైవేటు కంపెనీలకు పంపారు. దళిత పేరున్న దరఖాస్తుకు పిలుపు వచ్చే అవకాశం అగ్రకుల హిందూ పేరున్నదానితో పోలిస్తే దాదాపు మూడింట రెండు వంతులే. ఆ అంకె చదివిన రోజు నా ఇంగ్లిషును నేను క్షమించాను.

చదువుల పేజీలు ఈ సంగతి రాయవు. "కమ్యూనికేషన్ స్కిల్స్ పెంచుకోండి" అని రాస్తాయి. మన సినిమా కూడా ఇదే పని చేసింది. 2007లో వచ్చిన "హ్యాపీ డేస్" చూసి మా బ్యాచ్ మొత్తం ఇంజనీరింగ్ అంటే స్నేహం, ర్యాగింగ్, ప్రేమ, చివర్లో వీడ్కోలు కన్నీళ్లు అనుకుంది. ఆ సినిమా నాకిప్పటికీ ఇష్టమే. కానీ స్కాలర్‌షిప్ పడిందా లేదా అని బ్యాంకు చుట్టూ తిరిగే కుర్రాడి కథ అది కాదు.

3

ఇక సర్టిఫికెట్ల సంగతి. రీయింబర్స్‌మెంట్ బకాయి పడితే కాలేజీకీ ప్రభుత్వానికీ మధ్య ఉన్న అప్పు విద్యార్థి మెడకు చుట్టుకుంటుంది. నా కోర్సు అయిపోయాక ఎనిమిది నెలలు ఒరిజినల్స్ ఇవ్వలేదు. "ముందు మీరు కట్టండి, సర్కారు ఇచ్చినంక తిరిగిస్తం" అన్నారు. అమ్మ మహిళా సంఘంలో అప్పు తెచ్చింది. ఆ డబ్బు తిరిగి రాలేదు. నా తర్వాత వచ్చిన బ్యాచ్‌లు కూడా ఇదే చెప్తున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో ఫీజు సొమ్మును తల్లుల ఖాతాల్లో వేశారు. తల్లి చేతి మీదుగా ఫీజు కట్టడంలో ఒక గౌరవం ఉంది, కానీ విడత ఆలస్యమైతే కాలేజీ నిలదీసింది కూడా ఆ తల్లినే. తెలంగాణలో 2025 నవంబర్‌లో బకాయిల కోసం ప్రైవేటు కాలేజీలే తలుపులు మూశాయి. కాబట్టి "ఉద్యోగావకాశాలున్న కాలేజీ" అని చెప్పేటప్పుడు, ఉద్యోగం వచ్చిన రోజున సర్టిఫికెట్ చేతికిస్తుందా లేదా అన్నది మొదటి ప్రశ్న కావాలి. ఏ గైడ్‌లోనూ నేనది చూడలేదు.

4

2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి రాష్ట్రంలో మూడింట రెండు వంతుల మంది ఊళ్లలోనే ఉన్నారు. కొలువులేమో హైదరాబాద్‌లో, బెంగుళూరులో. ఊరి దగ్గర కాలేజీ, ఊరికి దూరంగా ఉద్యోగం అన్నది మన రాష్ట్రాల పరిస్థితి. దీనికి ప్రభుత్వం ఇచ్చిన జవాబుల్లో చెప్పుకోదగ్గది 2008లో పెట్టిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం. బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లోని ట్రిపుల్ ఐటీలు దాని కింద పెట్టినవే. పదో తరగతి తర్వాత ఆరేళ్ల చదువు. కోచింగ్ సెంటర్ల పరీక్ష లేకుండా పదో తరగతి ఫలితం మీదే సీటు ఇచ్చేవాళ్లు, ప్రభుత్వ బళ్ల పిల్లలకు 0.4 పాయింట్లు కలిపి. నా దృష్టిలో ఆ 0.4 చిన్న అంకె కాదు. లెక్కల సారు లేని బడిలో చదివిన పిల్ల మార్కునూ కార్పొరేట్ బడి పిల్లవాడి మార్కునూ ఒకే తక్కెడలో తూచకూడదని ఒక ప్రభుత్వ నియమం ఒప్పుకోవడం అది. క్యాంపస్ కంపెనీల 60 శాతం షరతు దీనికి సరిగ్గా వ్యతిరేకం.

అయితే 2022 జూన్‌లో బాసర విద్యార్థులు రోజుల తరబడి ఎండావానల్లో కూర్చుని అడిగిందేంటి? అధ్యాపకులు, పూర్తికాలపు వైస్ ఛాన్సలర్, కనీస వసతులు. పల్లె పిల్లల కోసం కట్టిన చదువును కూడా పల్లెలాగే వదిలేశారన్న మాట.

ఈ చర్చ మనతో మొదలవలేదు. అమెరికాలో నల్లజాతి విద్య మీద సరిగ్గా ఇదే వాదం నడిచింది. బుకర్ టి. వాషింగ్టన్ 1881 నుంచి అలబామా పల్లెల మధ్య టస్కీగీ విద్యాసంస్థను నడిపాడు. ముందు చేతిపని, కూడు పెట్టే నైపుణ్యం, హక్కులు తర్వాత అన్నాడు. డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్ 1903లో దాన్ని విమర్శించాడు. ఆయన చేతిపనిని కాదనలేదు. అదొక్కటే చాలనడాన్ని, దానికోసం ఓటునూ ఉన్నత విద్యనూ పక్కన పెట్టమనడాన్ని కాదన్నాడు. ఇవాళ మన పిల్లలకు "స్కిల్ ఉంటే చాలు, కులం గిలం ఎందుకు" అని చెప్పే ప్లేస్‌మెంట్ శిక్షకుడు టస్కీగీ దారినే చూపుతున్నాడు, వాషింగ్టన్‌కు ఉన్న జాతి నిబద్ధత లేకుండా.

అంబేద్కర్ ఈ రెండింటినీ విడదీయలేదు. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టాడు, 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ. 1950లో రెండో కాలేజీకి ఆయన ఎంచుకున్న చోటు ఔరంగాబాద్. అప్పటికది హైదరాబాద్ రాష్ట్రంలోని వెనుకబడిన మరాఠ్వాడా. అదే తర్వాత మిళింద్ కాలేజీ. మరాఠీ దళిత సాహిత్యానికీ ఉద్యమానికీ మనుషుల్ని ఇచ్చింది ఆ నేలే. అక్కడ చదివినవాళ్లు ఉద్యోగాలు చెయ్యలేదా? చేశారు. ఉద్యోగాలతో పాటు ఒక గొంతు కూడా పట్టుకుని బయటికొచ్చారు.

5

అందువల్ల ఫోన్ చేసిన అన్నకు, చెల్లెకు నేనిప్పుడు కాలేజీ పేరు చెప్పను. ప్రశ్నలు చెప్తాను. చేరినవాళ్లు ఎంతమంది, నాలుగేళ్లలో పాసైనవాళ్లు ఎంతమంది, వాళ్లలో ఉద్యోగం దొరికిన మనుషులెంతమంది? ఆఫర్లు వద్దు, మనుషుల్ని లెక్కపెట్టమనండి. హైయెస్ట్ ప్యాకేజీ వద్దు, మధ్యస్థ జీతం అడగండి. జాతీయ ర్యాంకింగుకు దరఖాస్తు చేసిన కాలేజీ ఈ లెక్కలు తన వెబ్‌సైట్‌లో పెట్టాలి. నెట్ సెంటర్ అబ్బాయికి పది రూపాయలిచ్చి అయినా తీయించండి. హాస్టల్ ఉందా, మన పిల్లలు అందులో ఉంటున్నారా? బకాయి ఉన్నా సర్టిఫికెట్ ఇస్తారా? ఎస్సీ ఎస్టీ సెల్ బోర్డు మీదేనా, గదిలో మనిషి ఉన్నాడా?

ఇవి ఒక్కో కుటుంబం అడిగితే గేటు దగ్గరే ఆపుతారు. అందుకే సంఘాలతో నాకొక పేచీ ఉంది. సీట్ల కోసం కొట్లాడాం, వర్గీకరణ కోసం కొట్లాడాం, స్కాలర్‌షిప్‌ల కోసం ధర్నాలు చేశాం. ప్లేస్‌మెంట్ లెక్క జోలికి మాత్రం పోలేదు. ఆ ర్యాంకింగ్ లెక్కల్లోనే చూడండి: సామాజికంగా వెనుకబడినవాళ్లు ఎంతమంది చేరారో, ఎంతమందికి ప్రభుత్వం ఫీజు కట్టిందో ఒక పట్టికలో ఉంటుంది. ఉద్యోగాల పట్టికకు వచ్చేసరికి ఆ గడులుండవు. లోపలికి పోయేటప్పుడు మనకు కులం ఉంది, బయటికి వచ్చేటప్పుడు మనం లెక్కలోనే లేం. ప్రభుత్వ సొమ్ముతో నడిచే ప్రతి కాలేజీ ఏటా తన ప్లేస్‌మెంట్లను కేటగిరీల వారీగా, ఆడా మగా వారీగా ప్రకటించాలని, అలా ప్రకటించనిదానికి రీయింబర్స్‌మెంట్ సీట్లు ఇవ్వొద్దని మనం అడగాలి. కులం అడిగే పత్రం కాలేజీ దగ్గర ఎలాగూ ఉంది, కొత్తగా చేయాల్సిన ఖర్చేమీ లేదు.

నిన్న మళ్లీ ఫోన్ వచ్చింది. మా పెద్దమ్మ మనవరాలు, ఇంట్లో ఇంటర్ దాటిన మొదటి పిల్ల. "మామా, బ్రోచర్ల 95 శాతం అని ఉంది" అన్నది. ఎంతమందిలో అని అడగమన్నాను. "అడిగితే ఏమన్న అనుకుంటరేమో" అన్నది. అనుకోనీ బిడ్డా, అన్నాను. నేను పోతున్నాను ఆ పిల్లతో, ఈ సోమవారం.