చేప కంటే ముందు నీళ్లు

వేమగల్‌లో మా అక్కవాళ్లింట్లో టీవీ పక్కన చిన్న గాజు తొట్టి ఉంది. అందులో రెండు గోల్డ్‌ఫిష్‌లు. ఒకదానికి నెత్తిమీద ఎర్రటి బుడిపె, ఒరండా రకం. మా బావ కోలారు నుంచి మూడడుగుల కొత్త తొట్టి తెచ్చాడు. కడిగి, బోరు నీళ్లు నింపేశారు కూడా. “మామా, ఈరోజే మార్చేద్దామా?” అంది మా మేనకోడలు. వద్దన్నాను. ఆ పిల్ల మొహం చిన్నబోయింది. ఎందుకు వద్దన్నానో వివరంగా చెప్పాల్సిన బాకీ నామీద ఉంది.

మార్చాలా అంటే, తప్పకుండా మార్చాలి. తొట్టి ఎంతుంటే చేప అంతే పెరుగుతుందిలే అనే మాట ఇంటింటా వింటాం. ఇరుకు తొట్టిలో నీళ్లు పాడై చేప గిడసబారిపోతుందే తప్ప, చోటు చూసుకుని ఒద్దికగా పెరగడం కాదది. మామూలు గోల్డ్‌ఫిష్ మంచి నీళ్లలో అడుగు దాకా పెరగగలదు, పదిహేనేళ్లు బతకగలదు. దానికి కడుపు సంచి లేదు, పేగే ఉంది. అందుకే ఎంత పెట్టినా తింటూనే ఉంటుంది, అంతకు తగ్గట్టు నీళ్లను మురికి చేస్తూనే ఉంటుంది. ఎక్కువగా మొప్పల నుంచే అమ్మోనియా అనే విషాన్ని వదులుతుంది.

ఆ విషాన్ని నైట్రైట్‌గా, దాన్ని మళ్లీ అంతగా హాని లేని నైట్రేట్‌గా మార్చేది కంటికి కనిపించని బ్యాక్టీరియా. అది ఉండేది నీళ్లలో కాదు, ఫిల్టర్ స్పాంజిలో, అడుగున ఉన్న రాళ్లమీద. కొత్త తొట్టిలో అది స్థిరపడాలంటే నెల, నెలన్నర పడుతుంది. అద్దంలా మెరిసే కొత్త తొట్టే చేపకు అన్నిటికన్నా ప్రమాదం. జిగురుగా ఉందని పాత స్పాంజిని కుళాయి కింద పిండి కడిగే అలవాటు మానుకోవాలి. ఆ గోధుమరంగు జిగురే చేప ప్రాణం కాపాడేది.

పాత స్పాంజిని చేపలతోపాటు కొత్త తొట్టిలోకి తెస్తే సరిపోదా? చాలాచోట్ల సరిపోతుంది. మా కోలారు జిల్లాలో నీళ్ల సంగతి వేరు. ఏడాది పొడవునా పారే నది లేదు. వెయ్యి అడుగులు దాటిన బోర్ల నుంచి వచ్చేవి ఉప్పునీళ్లు. బకెట్ అంచున తెల్లటి పొర కట్టించేంత ఖనిజాలుంటాయి. అందుకే తాగడానికి ఫిల్టర్ నీళ్లు పట్టుకొస్తాం. చేపమీద ప్రేమకొద్దీ మా మేనకోడలు చిన్న తొట్టిలో పోసింది ఆ ఫిల్టర్ నీళ్లే. వాటిలో ఖనిజాలు దాదాపు ఉండవు. బ్యాక్టీరియా పని చేసేకొద్దీ నీళ్లలో ఆమ్లం పెరుగుతుంది. అడ్డుకునే ఖనిజం లేక పీహెచ్ దిగజారుతుంది. దాంతో బ్యాక్టీరియా కూడా మందగిస్తుంది, అమ్మోనియా పేరుకుంటుంది. పీహెచ్ తక్కువున్నంతసేపు అందులో ఎక్కువ భాగం అమ్మోనియంగా, పెద్దగా హాని చేయకుండా ఉండిపోతుంది. పీహెచ్ 7 నుంచి 8కి ఎక్కితే మాత్రం విషంగా మారే వాటా సుమారు పది రెట్లవుతుంది. చేపను పాత నీళ్లతో కవరులో పెట్టి తెచ్చి, అందులో గబగబా బోరు నీళ్లు కలిపితే జరిగేది అదే. పెద్దింటికి తెచ్చామని మనం సంతోషిస్తుండగానే చేప మొప్పలు కాలిపోతాయి.

ఈ ఉప్పునీళ్లు, అంటే ఖనిజాలున్న గట్టినీళ్లు, గోల్డ్‌ఫిష్‌కు పడవని కాదు. దానికి గట్టినీళ్లే నయం. చిక్కంతా రెండు నీళ్ల మధ్య తేడాతో. కాబట్టి ముందు పాత తొట్టిలోనే పదో వంతు నీళ్లు తీసి అంతే బోరు నీళ్లు పోయాలి. రెండ్రోజులకోసారి అలా చేస్తూ పోతే రెండు తొట్ల నీళ్లూ ఒకటవుతాయి. అప్పుడే పట్టిన బోరు నీళ్లు వెచ్చగా ఉంటాయి, ప్రాణవాయువు తక్కువ. రాత్రంతా గాలి మోటారు పెట్టి ఉంచాకే వాడాలి. బ్యాక్టీరియా స్థిరపడే ఆ నెల, నెలన్నర పాటు కొత్త ఫిల్టర్‌ను పాత తొట్టిలోనే పాతదాని పక్కన తిప్పాలి.

జబ్బు చేసిన చేపను మాత్రం కొత్త తొట్టి పేరుతో కదిలించొద్దు. పైకొచ్చి నోరు తెరిచి గాలి మింగుతుంటే ఉన్నచోటే గాలి మోటారు పెంచి, మేత ఆపి, కొద్దికొద్దిగా నీళ్లు మార్చాలి.

“ఇన్ని తిప్పలెందుకు, చెరువులో వదిలేస్తే హాయిగా బతుకుతాయి కదా” అన్నారు పక్కింటాయన. బెంగళూరు వాడిన నీళ్లను శుద్ధి చేసి పంపే కె.సి. వ్యాలీ పథకం 2018 జూన్‌లో మొదలయ్యాక మా వైపు ఎండిన చెరువులు నిండాయి. మరుసటి నెలలోనే లక్ష్మీసాగర చెరువులో నురగ పొంగి, హైకోర్టు కొంతకాలం ఆ నీళ్లను ఆపించింది. అలా నిండిన చెరువులకు ఇంకో బెడద మనం చేర్చకూడదు. గోల్డ్‌ఫిష్ అడుగు బురద తవ్వుతుంది, నీళ్లు కలకబారుతాయి. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని బర్న్స్‌విల్ ఊళ్లో ఇలా వదిలిన చేపలు చెరువులో ఫుట్‌బాల్ అంత పెరిగాయి. దయచేసి వదలొద్దని 2021లో ఆ ఊరి అధికారులు జనాన్ని వేడుకున్నారు. పెంచలేకపోతే పెంచగలవాళ్లకు ఇద్దాం.

మా మేనకోడలికి నీళ్లను పరీక్షించే చుక్కల మందు కొనిచ్చాను. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపిస్తూ, రెండు తొట్ల పీహెచ్ ఒకటయ్యాకే మార్చేది. ఒరండాను వలతో పట్టకూడదు, నెత్తిమీది బుడిపె గీసుకుంటుంది. నీళ్లలోనే గిన్నె ముంచి, చేపతోసహా ఎత్తాలి. ఆ రోజంతా మేత వేయొద్దని ముందే చెప్పాను. ఆ తర్వాత వారం పాటు సగం మేతే.