పిచ్చుక మొదలు రాబందు వరకు

పుష్యమాసపు ఉదయమున పిల్లలను వెంటబెట్టుకొని ఊరిచెరువు గట్టుమీదికి వెళ్ళిన ఉపాధ్యాయునకు ఎదురగు మొదటి ప్రశ్న, "మాస్టారూ, అదేం పిట్టండీ?" అన్నది. జవాబుకొరకు మన దేశమున ఎక్కువమంది చేతబట్టిన పుస్తకము సాలిం ఆలీ రచించిన 'ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్'. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ దానిని 1941లో ప్రకటించినది. 2002లో పదమూడవ కూర్పు వెలువడినది. ఇన్నేండ్లు నిలిచిన పుస్తకమును పొగడుట సులభము. చలికాలపు చెరువువద్ద అది ఎంతవరకు పనిచేయునో చూచుట అంతకన్న ఉపయోగకరము.

దీని గొప్పతనము ముఖ్యముగా ఒక కొలతలో ఉన్నది. మద్రాసు సైన్యమున వైద్యుడైన జెర్డన్ 1862-64లో ప్రకటించిన సంపుటములలో రెక్క ఇన్ని అంగుళములు, తోక ఇన్ని అంగుళములు అని ఉండును. (పక్షులకు తెలుగు పేర్లు కూడ వ్రాసిపెట్టిన మహానుభావుడాయన.) తుపాకితో కొట్టి చేతబట్టిన పక్షికే ఆ కొలతలు పనికివచ్చును. సాలిం ఆలీ పిచ్చుక, పికిలిపిట్ట, గోరువంక, పావురము, కౌజు, కాకి, గద్ద, బాతు, ఊరకోడి, రాబందు - వీనినే కొలబద్దగా నిలిపినారు. కొత్త పక్షి పికిలిపిట్టంత ఉన్నదా, కొంచెము చిన్నదా అని అడిగినచో పల్లెటూరి పిల్లవాడు తడుముకొనడు.

అయితే ఈ కొలబద్దకు లోపము లేకపోలేదు. కంటికి తెలియునది పక్షి పొడవు కాదు, అది కంటివద్ద చేయు కోణము మాత్రమే. 30 మీటర్ల దూరమున నున్న 15 సెంటీమీటర్ల పిట్టయు, 60 మీటర్ల దూరమున నున్న 30 సెంటీమీటర్ల పిట్టయు ఒకే కోణము చేయును. చెట్టుమీదనైతే ఆకులను, కొమ్మలను బట్టి దూరము ఊహింపవచ్చును. మంచు విడని బురదలో ముక్కు గ్రుచ్చుచు ఒంటరిగా తిరుగు ఉల్లంకిపిట్ట విషయమున ఆధారమేమున్నది? పైగా, ఉత్తరపు చలిదేశములనుండి వచ్చు ఈ జాతులలో చాలవాటికి సంతానకాలపు రంగులు పోయి బూడిదవన్నె, గోధుమవన్నె మాత్రమే మిగులును. అక్కడ దారి చూపునవి నడవడి, చిన్న చిన్న గుర్తులు. కామన్ శాండ్‌పైపర్ వెనుకభాగమును పైకి క్రిందికి ఊపుచుండును; ఎగిరినపుడు రెక్కమీద తెల్లని చార కనిపించును. గ్రీన్ శాండ్‌పైపర్ రెక్కకు ఆ చార లేదు. తోక మొదలు మాత్రము తెల్లగా మెరయును. లిటిల్ స్టింట్ కాళ్ళు నల్లనివి. టెమ్మింక్స్ స్టింట్ కాళ్ళలో పసుపుఛాయ ఉండును. పుస్తకమున అలవాట్లను గూర్చిన భాగము ఎంతో చక్కనిది. కాని పరిమాణము మొదట, అలవాట్లు చివరి భాగమున వచ్చును. తొందరపడి పుటలు త్రిప్పు విద్యార్థి మొదటిదానివద్దనే ఆగిపోవును, ఈలోగా పిట్ట ఎగిరిపోవును. పుస్తకము మూసి పది నిమిషములు చూచిన తరువాతనే దానిని తెరువవలెనని ఉపాధ్యాయుడు నియమము పెట్టుట మంచిది.

మరియొక లోపము గ్రంథకర్తది కాదు. కొలబద్ద చివరనున్న రాబందు 1990 దశకమునుండి మన దేశమున అతి శీఘ్రముగా తగ్గిపోయినది. పశువులకిచ్చు డైక్లోఫెనాక్ అను మందు, కళేబరముల ద్వారా చేరి, వాటి మూత్రపిండములను చెరచునని 2004లో రుజువైనది. 2006లో మన ప్రభుత్వము పశువైద్యమున ఆ మందును నిషేధించినది. "రాబందంత" అన్న మాట నేటి పదవ తరగతి విద్యార్థికి ఏమి తెలుపును? అతడు పిచ్చుకను చూచినాడు, గద్దను చూచినాడు. సుమారు రెండు మీటర్ల రాబందు రెక్కల వెడల్పును మాత్రము నల్లబల్లపై సుద్దతో గీసి చూపవలసియున్నది.