ఏ తేదీ కాగితం?

తుళ్లూరులో ఎవరి చేతికైనా కాగితం ఇస్తే ముందు తేదీ చూస్తారు, విషయం తర్వాత. 2015 మొదట్లో రాజధాని కోసం భూ సమీకరణ మొదలైన దగ్గర్నుంచి పడిన అలవాటిది. అంగీకార పత్రాన్ని 9.3 అనీ, ఒప్పందాన్ని 9.14 అనీ నంబరుతోనే పిలిచే ఊరు మాది. జరీబుకు ఎంత, మెట్టకు ఎంత, ప్లాటు ఎక్కడ అని నలుగురు కూర్చున్న చోటల్లా లెక్కలు నడిచిన రోజుల్లో పాత కాపీ పట్టుకుని వాదించినవాడు నవ్వులపాలయ్యేవాడు.

అలాంటి ఊళ్లో కూర్చుని నేను ఏళ్ల తరబడి తేదీ లేని కాగితాలు రాశాను.

నా కాగితాలు కంప్యూటర్లో ఉంటాయి. వికీపీడియా నడిచేది మీడియావికీ అనే సాఫ్ట్‌వేర్ మీద. దాన్ని ఎవరైనా ఉచితంగా తెచ్చుకోవచ్చు, విప్పి చూడొచ్చు, మార్చుకోవచ్చు. దాన్ని వాడడం ఎలాగో చెప్పే సహాయం పేజీలను తెలుగు చేయడం, చేసినవాటిని చూసుకోవడం నా సాయంత్రాల పని. జీతం లేదు. తెలుగు చేయడానికి ఉత్సాహం ఎప్పుడూ ఉంటుంది. సెలవుల్లో శిబిరం పెడతారు, రెండు రోజుల్లో వందల వాక్యాలు తెలుగులోకి దించి గ్రూప్ ఫొటో దిగి వెళ్లిపోతారు. మూడో రోజు నుంచి ఆ వాక్యాలకు దిక్కుండదు. వరి అయితే ఒక్క కోతతో సరి. ఇది పత్తి. ఒక తీత అయ్యాక మళ్లీ కాయ పగులుతుంది, మళ్లీ ఒడి కట్టుకుని చేలో దిగాలి.

ఈ సంగతి నాకు ఒంటబట్టించింది మా ఊళ్లో రిటైరైన తెలుగు మాస్టారు. ఊరి పొలాల పేర్లు రాసిపెట్టాలని ఆయన కోరిక. సమీకరణలో గట్లు పోయాయి, గట్లతో పాటు పేర్లూ పోతున్నాయి, తెలుగు వికీపీడియాలో పెడితే పదిమంది చూస్తారు అన్నారు. (ఆధారాలేవీ అని అక్కడివాళ్లు అడుగుతారని నేను చెప్పలేదు. అది వేరే తగువు.) నేను రాసిన సహాయం పేజీని జిరాక్స్ షాపులో ప్రింటు తీయించుకుని, పక్కన పెట్టుకుని, ఒంటి వేలితో రెండు గంటలు టైపు చేశారు. చివర్లో నా పేజీ “పేజీని భద్రపరచు” నొక్కమంటుంది. తెర మీద ఆ బటన్ లేదు. “ప్రచురించు” అని ఉంది.

మర్నాడు పొద్దున్నే ఫోను.

“నాయనా, దాచుకుందామంటే చోటు లేదు, అచ్చేస్తానంటోంది. చిత్తుప్రతిని ఎవరైనా అచ్చుకిస్తారా? మూసేయబోతే వెళ్లిపోతున్నారా అని అడిగింది, అవునన్నాను. అంతా పోయింది. నాకే చేతకాలేదులే.”

ఆ చివరి మాట నన్ను వదల్లేదు. పేజీ పాతదేమోనన్న అనుమానమే ఆయనకు రాలేదు. నా పేజీ అసలు లేకపోతే నాకు ఫోను చేసి అడిగేవారు, పని జరిగిపోయేది. లేని తెలుగు పేజీ కంటే పాతబడ్డ తెలుగు పేజీ ఎక్కువ చేటు చేస్తుందని ఆ రోజు నుంచి నా గట్టి అభిప్రాయం. కొత్తగా పది పేజీలు చేశామని చెప్పుకునేవాళ్లతో అందుకే నాకు పడదు.

బటన్ ఊరికే మారలేదు. “సేవ్” అని ఉన్నప్పుడు కొత్తవాళ్లు అది తమ దగ్గరే పదిలంగా ఉంటుందనుకునేవారు. నిజానికి నొక్కిన క్షణం నుంచి లోకమంతా చూడొచ్చు. అందుకని వికీపీడియాను నడిపే వికీమీడియావాళ్లు “సేవ్” తీసేసి “పబ్లిష్” పెట్టారు. న్యాయమైన మార్పే. ఇలాంటి బటన్ల మీది మాటలు ట్రాన్స్‌లేట్‌వికీ అనే చోట తెలుగవుతాయి, కొద్ది రోజుల్లో తెర మీదికి వస్తాయి. సహాయం పేజీ ఉండేది ఇంకోచోట. అక్కడి కబురు ఇక్కడికి చేరదు.

దీనికి మీడియావికీ సొంత గూటిలో ఒక ఏర్పాటు ఉంది. ఇంగ్లీషు పేజీని ముక్కలుగా కోసి ఒక్కో ముక్కకు నంబరు వేస్తారు. మూలంలో ఒక ముక్క మారితే, దాన్ని అనువాదానికి మళ్లీ గుర్తుపెట్టగానే, తెలుగులో ఆ పేరా వెనక గులాబీ రంగు పరుచుకుంటుంది. పాతబడిందని అర్థం. మన రాతను చెరిపేయదు, రంగు పూసి వదులుతుంది. మర్యాద తెలిసిన పద్ధతి. కానీ తెలుగు వికీపీడియాలో మేం సొంతంగా రాసుకున్న పేజీలకు ఏ రంగూ రాదు. మాస్టారి ప్రింటు అలాంటి పేజీదే. వచ్చినా లాభం లేదు, జిరాక్స్ షాపులో అంతా నలుపూ తెలుపే.

ఇంకో ఉపాయం కూడా ఉంది. బటన్ పేరును చేత్తో టైపు చేయకుండా, “ఇంట్” అనే చిన్న కోడు పెట్టి, ఆ మాట ఉన్న చోటు నుంచే తెచ్చుకోవచ్చు. అక్కడ మారితే ఇక్కడా మారుతుంది. చదివేవారు తమ ఖాతాలో వికీ తెరను ఇంగ్లీషులో పెట్టుకుని ఉంటే ఇంగ్లీషు మాటే చూపిస్తుంది. అలా పెట్టుకున్నవాళ్లకు అది చిన్న మేలు కాదు. ఇదంతా నాకు ముందే తెలుసు. బద్ధకించాను.

మాటలను మేమూ మారుస్తుంటాం. యూజర్‌ని తెలుగు వికీపీడియాలో ఒకప్పుడు సభ్యుడు, సభ్యులు అన్నారు, ఇప్పుడు వాడుకరి. ఆడామగా తేడా లేని మాట, నాకు నచ్చింది. 2009లో మీడియావికీ 1.14 వచ్చినప్పుడు ఇంగ్లీషులో “ఇమేజ్” కాస్తా “ఫైల్” అయింది. పాటలూ వీడియోలూ ఎక్కిస్తుంటే ఇమేజ్ అంటే కుదరదు కదా. మన బొమ్మ కూడా దస్త్రం అయింది. దస్త్రం అంటే నాకు రెవెన్యూ ఆఫీసు వాసనే కొడుతుంది. స్టబ్‌కు మొలక, టెంప్లేట్‌కు మూస, విలేజ్ పంప్‌కు రచ్చబండ లాంటి మాటలు కుదిరిన చోట ఇదెందుకు కుదర్లేదో. అయితే సాఫ్ట్‌వేర్‌ది పెద్ద మనసు. ఇప్పటికీ “బొమ్మ” అని కొట్టినా, “సభ్యుడు” అని కొట్టినా చేరాల్సిన చోటికే చేరుస్తుంది, పాత ఇంటిపేరుతో పిలిచినా పలికే మనిషిలాగా. సహాయం పేజీకి ఆ గుణం లేదు. అందులో బొమ్మ అని ఉండి తెర మీద దస్త్రం అని ఉంటే చదివేవాడు ఆగిపోతాడు.

తెలుగుకు మాత్రమే ఉన్న చిక్కులు కొన్ని. బటన్ మీద “తొలగించు” అంటాం, సహాయం పేజీలో “నొక్కండి” అంటాం. బటన్ మీద మనిషి యంత్రాన్ని నువ్వు అంటున్నాడు, పేజీలో మనం మనిషిని మీరు అంటున్నాం. ఈ తేడా పట్టుకోనివాళ్లు బటన్లకు కూడా “అండి” తగిలిస్తారు, యంత్రానికి గౌరవం ఎక్కువవుతుంది. ఇంకోటి, వాక్యంలో మనిషి పేరు వచ్చే చోట ఖాళీ వదలాలి. ఖాళీ తర్వాత “కు” పెడితే రాముకు బాగుంటుంది, రవి వచ్చేసరికి “రవికు” అవుతుంది. నేను ఖాళీ తర్వాత “గారికి” అని రాసి బయటపడతాను. తగాదాకోరులకు కూడా గారు దక్కుతోందని ఒక మిత్రుడి ఫిర్యాదు.

ఆ వారమే మాస్టారి పేజీ సరిచేశాను. బటన్ పేర్లన్నీ “ఇంట్”లోకి మార్చాను. పైన ఒక వరుస చేర్చాను: ఈ పేజీని తెరతో సరిచూసిన తేదీ. ప్రింటు తీసి నేనే ఇంటికి తీసుకెళ్లి ఇచ్చాను. తేదీ చూసి తలాడించారు. కళ్లజోడు పెట్టుకుని ఎర్రపెన్ను తీశారు.

“మూడు చోట్ల బొత్తాం అన్నావు, రెండు చోట్ల మీట అన్నావు. రెండూ ఒకటేనా?”

“ఒకటే మాస్టారూ.”

“మరి ఆ రోజు రెండోదాని కోసం కూడా వెతికానే!”