టీ దానంతటదే వచ్చిందా?

మా ఆడపడుచు కూతురు బెంగుళూరులో ఉద్యోగం చేస్తోంది. దసరాకి ఇంటికొస్తుంది గదా అని అరిసెలకి బియ్యం నానబోసి కూచుంటే, ఆ పిల్ల నేపాలు వెళ్లి కొండెక్కి వచ్చింది! వచ్చినదల్లా ఊరుకోకుండా వ్యాసం రాసింది. "అత్తయ్యా, పత్రికకి పంపేముందు ఒక్కసారి చూసిపెట్టండి. మొహమాటపడకుండా చెప్పండి" అంది. మొహమాటపడొద్దన్న వాళ్ల దగ్గరే ఎక్కువ మొహమాటపడాల్సి వస్తుంది. ఏం చేస్తాం!

ఆమె ఎక్కింది ఎవరెస్టు కాదు లెండి. ఆ చుట్టుపక్కలే ఉన్న ఐలాండ్ పీక్. మంచు సముద్రంలో దీవిలా ఉందని పెట్టిన పేరట. 1953లో ఎవరెస్టు జట్టువాళ్లు అలవాటు కోసం ముందు దీన్ని ఎక్కారు. ఇలాంటి చిన్న శిఖరాలు పద్ధెనిమిదింటిని నేపాలు వాళ్లు 1978లో 'ట్రెకింగ్ శిఖరాలు' అని పేరుపెట్టి తెరిచారు. చిన్నవంటే మన ఇంద్రకీలాద్రి అనుకునేరు! ఇది 6,100 మీటర్లు దాటినది. డబ్బు కడితే గైడు, వంటవాడు, మూటలు మోసేవాళ్లు, గుడారాలు అన్నీ కంపెనీయే చూస్తుంది. ఎక్కాల్సింది మాత్రం మనమే.

నిజం చెప్పొద్దూ, వ్యాసం బాగానే రాసింది. అర్ధరాత్రి దాటాక బయలుదేరడం, బూట్ల కింద బిగించిన ఇనుపముళ్లు మంచులో కరకరలాడడం, నాలుగడుగులు వేస్తే ఊపిరి అందకపోవడం, ముందు నడిచేవాళ్ల తలదీపాలు కార్తీకమాసంలో గుడిమెట్ల మీద ప్రమిదల్లా వరసగా కనిపించడం - ఇవన్నీ చదువుతుంటే నాకే చేతులు కొంకర్లుపోయాయి. మావారు శాలువా తెచ్చి కప్పారు, హాస్యానికే అనుకోండి.

కాని చదివి పక్కన పెట్టాక ఏదో వెలితి అనిపించింది. మళ్లీ తీశాను. ఈసారి పెన్సిలుతో కొన్ని వాక్యాల కింద గీతలు గీశాను. 'సాయంత్రానికి గుడారాలు వేసి ఉన్నాయి.' 'రాత్రి ఒంటిగంటకి టీ వచ్చింది.' 'నిట్టనిలువు గోడకి అప్పటికే తాడు కట్టి ఉంది.' 'మేం అయిదుగురం శిఖరం చేరాం.' ఆ అయిదుగురి ఫోటో కూడా జత చేసింది. ఫోటోలో అయిదుగురూ ఉన్నారు. మరి తీసిందెవరు?

గుడారాలు వాటంతటవే లేచాయా? టీ నడిచొచ్చిందా? 5,000 మీటర్ల ఎత్తున నీళ్లు 83 డిగ్రీలకే మరిగిపోతాయి. పైకి తెర్లుతూనే ఉంటాయి గాని పప్పు ఉడకదు. ప్రెషర్ కుక్కరు కూడా మోసుకెళితే తప్ప అన్నం పలుకే. టీకి నీళ్లు కావాలంటే గడ్డకట్టిన మంచు కొట్టి తెచ్చి కరగబెట్టాలి. ఒంటిగంటకి ఆ పిల్ల చేతికి గ్లాసు అందాలంటే ఎవరో ఎన్నింటికి లేచి ఉండాలి? వంటింటి మొహం చూసిన మనబోటి వాళ్లకి ఈ లెక్క ఒకరు చెప్పక్కర్లేదు.

ఇది మా పిల్ల ఒక్కదాని తప్పు కాదు. కొండలెక్కినవాళ్లు రాసిన పుస్తకాల్లో ఈ జబ్బు పాతదే. దాన్ని పసిగట్టి ఆట పట్టించినవాడు బౌమన్ అనే ఇంగ్లీషు ఇంజనీరు. 1956లో 'ది ఎసెంట్ ఆఫ్ రమ్ డూడుల్' అని ఓ హాస్యపు నవల రాశాడు. రమ్ డూడుల్ అనే లేని కొండ ఎత్తు 40,000 అడుగుల మీద మరో అర అడుగు! 3,000 మంది కూలీలు కావాలని కబురు చేస్తే, భాష తెలిసిందనుకున్న పెద్దమనిషి పుణ్యమా అని 30,000 మంది వచ్చి నిలబడతారు. దారి చూపాల్సినవాడు రోజూ దారి తప్పుతాడు. వైద్యుడికే లేని రోగం లేదు. తీరా నాయకుడు గారు మహా గంభీరంగా పక్కశిఖరం ఎక్కి, అసలు శిఖరంవైపు చూస్తే కూలీలు అప్పటికే అక్కడున్నారు. నవ్వి నవ్వి కళ్లనీళ్లొచ్చాయి. అయితే ఒక్క మాట. కూలీలకి శిఖరం ఇచ్చాడే గాని నోరివ్వలేదు. మూకగా వచ్చి మూకగానే మిగిలారు. వాళ్ల వంటవాడికి పేరుంది, అదీ వాడి వంటని ఎగతాళి చెయ్యడానికి.

అదే 1956లో ఇద్దరు ఆడవాళ్లు కలిసి రాసిన పుస్తకం ఒకటి వచ్చింది - 'టెంట్స్ ఇన్ ది క్లౌడ్స్'. మోనికా జాక్సన్, ఎలిజబెత్ స్టార్క్, వాళ్లతోపాటు ఎవెలిన్ కామ్రాస్ - ఈ ముగ్గురూ 1955లో స్కాట్లండు నుంచి నేపాలుకొచ్చి, జుగల్ హిమాల్ అనే ప్రాంతానికి వెళ్లారు. కేవలం ఆడవాళ్లే నడిపిన హిమాలయ యాత్రల్లో మొదటిది అదే. ఎవరూ ఎక్కని శిఖరం ఒకటి ఎక్కారు. 22,000 అడుగులని వాళ్ల లెక్క, తర్వాతి కొలతల్లో తగ్గిందనుకోండి. ఆ శిఖరానికి తమ పేరు పెట్టుకోలేదు, రాణీగారి పేరూ పెట్టలేదు. తమ షేర్పాల సర్దారు మింగ్మా గ్యాల్గెన్ పేరుమీద 'గ్యాల్గెన్' అన్నారు. నాకు ఆ ముగ్గురూ నచ్చింది అక్కడే.

అలాగని పొగిడి వదిలేస్తే విమర్శ ఎలా అవుతుంది? 'ఆడవాళ్లు మాత్రమే' అన్న కీర్తి నిలవాలంటే ఆ షేర్పాలని లెక్కలోంచి తీసెయ్యాలి మరి. శిఖరం దాకా తోడొచ్చినవాళ్లు లెక్కలోకి రాకపోతే అదేం లెక్క? ఇంగ్లీషువాళ్లకి 'వి' అనే ఒక్క మాటే ఉంది కనక బతికిపోయారు. అందులో ఎవరున్నారో, ఎవరు లేరో తేల్చుకోవడం పాఠకుడి ఖర్మ. మనకలా కుదరదు. మేము వేరు, మనము వేరు. తెలుగులో రాసేవాళ్లు షేర్పాతో మాట్లాడుతున్నట్టు ఊహించుకుని 'మనం ఎక్కాం' అని ఒక్కసారి అనుకుని చూసుకుంటే, ఆ తర్వాత కలం 'మేం అయిదుగురం' దగ్గర కాస్త తడబడుతుంది. 1830లో పల్లకీలో కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారికి మోసే బోయీలు కనిపించారు. గైడుని పెట్టుకున్న మనకెందుకు కనిపించడం లేదో!

ఇవన్నీ ఫోన్లో చెప్పాను. పిల్ల అంతా విని, "తాడు కట్టినతని పేరు నాకు తెలుసత్తయ్యా. అయిదో క్లాసు చదివే కూతురుంది. ఖాట్మండులో హాస్టల్లో వేశాడు. తాడు మీద నా చెయ్యి జారినప్పుడు పట్టుకున్నదీ ఆయనే" అంది.

"మరి రాయలేదేం?"

"నేనే ఎక్కానని ఉండాలి గదా."

ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఆడపిల్ల ఒంటరిగా వెళ్లి కొండెక్కిందంటే నమ్మని వాళ్లు మా బంధువుల్లోనే పదిమంది ఉన్నారు. వాళ్ల నోరు మూయించాలని రాసిన వ్యాసం అది. పట్టుకున్న చెయ్యి గురించి రాస్తే, "చూశావా, మగవాడు లాగితే ఎక్కింది" అనరూ? అంటారు. అన్నా రాయమన్నాను. 1965లో నేపాలులో మొట్టమొదటి ట్రెకింగ్ కంపెనీకి మొట్టమొదట డబ్బు కట్టి వచ్చింది ముగ్గురు అమెరికన్ ఆడవాళ్లు, వయసు మళ్లినవాళ్లు. వాళ్లకీ షేర్పాలే తోడు. దానివల్ల వాళ్లు నడవలేదని అనగలమా?

కాసేపు మౌనం. తర్వాత నెమ్మదిగా అంది గదా, "సరే, రాస్తాను. కాని అత్తయ్యా, మీ నవలల్లో కథానాయిక పొద్దున్నే కిటికీ పక్కన కూచుని కాఫీ తాగుతుందే, అది కలిపేదెవరు?"

ఫోను పెట్టేసి నా పుస్తకాలు తీశాను. మూడింట్లో 'కాఫీ వచ్చింది' అనే ఉంది. నాలుగోది ఇంకా తెరవలేదు.

'టెంట్స్ ఇన్ ది క్లౌడ్స్' పిల్లకి పోస్టులో పంపించాను. రమ్ డూడుల్ కూడా పంపుదామంటే మావారు వదలడం లేదు. పక్కగదిలోంచి నవ్వు వినిపిస్తోంది. మధ్యమధ్య, "ఏమోయ్, కాఫీ!" అని కూడా.